అంటుకోని నెత్తురు

కారు కడగడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా అత్తగారు పెళ్ళిచూపుల్లోనే అడిగింది. ఉద్యోగమేనని నమ్మించడానికి ఆవిడ బతికున్నంత కాలం ప్రయత్నించి ఓడిపోయాను. ఇప్పుడు నురగ చిమ్మే మిషన్లతో, చేతులకి రబ్బరు తొడుగులతో ఇంటిముందుకే వచ్చి కార్లు మెరిపించి వెళ్తున్న కుర్రాళ్ళని చూస్తే, ఆవిడ ఉంటే చూపించేవాణ్ణి కదా అనిపిస్తుంది. ఈ నాలుగు మాటలూ ఆ కుర్రాళ్ళ కోసమే. మెరుగు పెట్టడం మీకు నేను నేర్పక్కర్లేదు. ఒక చలికాలపు పొద్దుటి సంగతి మాత్రం చెప్పాలి. అది తలచుకుంటే ఇప్పటికీ నా వేళ్ళు చల్లబడతాయి.

సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి హైదరాబాదు చేరుతున్న రోజులవి. మాది గోదావరి జిల్లా. మద్రాసులో ఒక నిర్మాతగారి ఇంటి సామాన్లు ఎత్తిన లారీకి క్లీనరుగా వచ్చాను. సామాన్లు దింపాక లారీ వెళ్ళిపోయింది, నేను ఉండిపోయాను. వెంగళరావు నగర్ వెనకాల రేకుల గది, పాత మోపెడ్, దానికి రెండువైపులా నీళ్ళ డబ్బాలు, రెండు బకెట్లు, మెత్తటి తోలుగుడ్డ, మైనం డబ్బా. అదీ నా కార్ఖానా. శ్రీనగర్ కాలనీలోనూ జూబ్లీహిల్స్‌లోనూ ఇళ్ళకి వెళ్ళి కార్లు కడిగేవాణ్ణి. కానీ రోజూ మొదటి పని మాత్రం ఫిల్మ్ నగర్ వాలులో ఉన్న ఒక షెడ్డులో. ఆ షెడ్డు ఓనరు షూటింగులకి కార్లు కిరాయికిచ్చేవాడు. రాత్రి షూటింగుకి వెళ్ళిన కార్లు తెల్లవారుజామున తిరిగొచ్చేవి. మళ్ళీ పొద్దున్న షూటింగుకి బయల్దేరేలోపు నేను వాటిని కొత్త పెళ్ళికొడుకుల్లా తయారుచెయ్యాలి.

బురద, సున్నం, పూలరేకులు, కుంకం, వాటిమీద ఏదుంటే అది కడిగేవాణ్ణి. అన్నిటికంటే విసిగించేది సినిమా రక్తం. అప్పట్లో దాన్ని చక్కెర పాకంలో రంగు కలిపి చేసేవారు. ఎంతసేపైనా ఎర్రగానే ఉంటుంది, ఎండినా నల్లబడదు. వేలు పెడితే అంటుకుని తీగలా సాగుతుంది. కడగడం ఆలస్యమైతే ఎండెక్కేసరికి కారు చుట్టూ చీమలు బారు కట్టేవి. ఆ షెడ్డు చీమలు సినిమా ఇండస్ట్రీ మీద పడి బతికేవి, మాలాగే.

జూబ్లీహిల్స్‌లో అప్పటికి ఇళ్ళకంటే బండలే ఎక్కువ. డిసెంబరు వచ్చిందంటే రాత్రంతా ఆ బండల సందుల్లో మంచు పేరుకుని, తెల్లవారుజామున రోడ్డు మీదికి దిగేది. మోపెడ్ లైటు ముందు చక్రం దాటి పడేది కాదు. ఆ మంచులో మనిషి కంటే ముందు మాట వచ్చేది. దగ్గు వినిపించేది, దగ్గిన మనిషి కనిపించేవాడు కాదు. ఒకసారి తెల్లచీర, విరబోసుకున్న జుట్టు ఎదురొచ్చి "అన్నా, టైమెంత?" అనడిగితే మోపెడ్‌తో సహా పక్కకి పడిపోయాను. పాపం, దయ్యం వేషం వేసిన జూనియర్ ఆర్టిస్టు, ఇంటికి నడిచిపోతోంది. ఆవిడే నన్ను లేపి డబ్బాలు సర్దిపెట్టింది.

అక్కడ ఉండేవాళ్ళకి భయం అలా అరిగిపోతుంది. పట్టుచీర కట్టిన పెళ్ళికూతురు గోడవార కూర్చుని బీడీ కాలుస్తుంది. కత్తిపోటు తిన్నవాడు, కత్తి పొట్టలో ఉండగానే ఇడ్లీ తింటాడు. చూసి చూసి నవ్వడం అలవాటైపోతుంది. ఆ అలవాటే ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆయన గుంటూరు వైపు నాటకాల మనిషి. నాకంటే బాగా పెద్దవాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి, డ్రైవర్లు పెద్దాయనా అనేవాళ్ళు. మాటలున్న వేషం ఆయనకి ఎవరూ ఇచ్చినట్టు గుర్తులేదు. శవం వేషాలకి మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. హీరో తండ్రి శవం, విలన్ చంపిన కాపలావాడి శవం, నది ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవం, అన్నీ ఆయనే.

"చచ్చిపోవడం తేలికేనబ్బాయ్, ఎవడైనా చస్తాడు. చచ్చి ఉండటమే కష్టం" అనేవాడు. చలికాలంలో శవానికి ఊపిరి పొగ పెద్ద శత్రువట. అందుకని షాట్‌కి ముందు ఐసుముక్క నోట్లో వేసుకునేవాడు. లోపలా బయటా ఒకే చలి అయితే పొగ కనబడదు. ఆ చలికి పళ్ళు జివ్వుమన్నా ముఖం కదలకూడదు. ఇంత కష్టం ఎవరికీ తెలియదని ఆయనకి బెంగేం లేదు. తెలియకపోవడమే గొప్ప అనుకునేవాడు.

ఆయన గది వాలు పైన ఉండేది. అక్కడ నీళ్ళకి కటకట. అందుకని రాత్రి షూటింగు అయ్యాక మొహాన ఎర్రరంగుతోనే షెడ్డుకి దిగొచ్చి, నా నీళ్ళ పీపా దగ్గర నిలబడి "ఒక మగ్గు నీళ్ళబ్బాయ్" అనేవాడు. చలికి నా వేళ్ళు కొయ్యలైపోకుండా పొయ్యి మీద ఒక డబ్బా నీళ్ళు కాచుకునేవాణ్ణి. అందులోంచి ఆయనకి ఒక మగ్గు. మొహం కడుక్కుని, కూతురు అల్లిన ఆకుపచ్చ మంకీ క్యాప్ చెవుల కిందికి లాక్కుని, ఆ రాత్రి తను ఎలా చచ్చాడో చెప్పి వెళ్ళేవాడు. అందరికంటే ముందు నేను వినే సినిమా కథ అదే, చివర్నించి మొదలయ్యేది.

ఆ రోజు నేను వచ్చేసరికి షెడ్డులో తెల్ల అంబాసిడర్ ఉంది. రాత్రి యాక్సిడెంట్ సీను నుంచి తిరిగొచ్చింది. దాన్ని తెచ్చిన డ్రైవరు పక్క కారులో దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. పొద్దున్నే అదే కారు పెళ్ళి సీనుకి వెళ్ళాలని ఓనరు ముందురోజే చెప్పాడు. బకెట్ పెట్టుకుని కారు కుడివైపు హెడ్‌లైటు దగ్గర కూర్చున్నాను. సినిమా రక్తం బాగా పులిమారు. గుడ్డ వేస్తే అంటుకుపోతోంది. లోపల తిట్టుకుంటూ రుద్దుతున్నాను.

వెనకనించి గొంతు వినిపించింది. "ప్యాకప్ అయిందా?"

బాబాయ్ గొంతే. నేను తిరగలేదు. "నన్నడుగుతావేంటి బాబాయ్? షూటింగ్ నుంచి వస్తున్నది నువ్వు కదా" అని, వేణ్ణీళ్ళ మగ్గు వెనక్కి జరిపాను.

గుడ్డ పిండి మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాను. మళ్ళీ, "ప్యాకప్ అయిందా?" అదే గొంతు, అదే ఆట్టే పైకీ కిందికీ పోని మాట. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేసినట్టుంది. రాత్రంతా పని చేసి అలిసిపోయాడనుకున్నాను. "అయింది బాబాయ్. కడుక్కుని వెళ్ళి పడుకో" అన్నాను. మగ్గు పీపాకి తగిలిన చప్పుడు వినిపించింది. నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించలేదు.

నేను ఎడమవైపుకి జరిగాను. అక్కడా ఎర్రగానే ఉంది. గుడ్డ వేశాను. అంటుకోలేదు.

ఇంకోసారి తుడిచాను. తీగ సాగలేదు, జిగురు లేదు. మచ్చ అంచులు అప్పటికే నల్లబడుతున్నాయి. వాసన వేరే. తుప్పుపట్టిన మేకు నోట్లో పెట్టుకున్నట్టుంది. బంపర్ సందులో ఏదో ఇరుక్కుంది. లాగాను. ఉన్ని పోగు, ఆకుపచ్చది.

వెనక్కి తిరిగేసరికి పీపా దగ్గర ఎవరూ లేరు. మంచు మాత్రం ఉంది. మగ్గులో నీళ్ళు ఒలకకుండా అలాగే ఉన్నాయి, ఇంకా ఆవిరి వస్తోంది. దాని అంచు మీద ఎర్రటి వేళ్ళ గుర్తులు. బొటనవేలు పెట్టి చూశాను. అంటుకోలేదు.

పరిగెత్తి డ్రైవర్ని కుదిపి లేపాను.

"ఏందన్నా, జరసేపు పండనియ్యవా?"

"దారిలో ఏమైనా తగిలిందా?"

"గా మలుపు కాడ దబ్బుమన్నది. రాయి అనుకున్న. దిగి చూసిన, ఏం కానరాలే. మంచుల నా చెయ్యే నాకు కానస్తలేదు" అన్నాడు కళ్ళు నులుముకుంటూ. నా చేతిలో ఉన్ని పోగు చూశాడు. చూసి, నేల మీద చతికిలబడ్డాడు. "అన్నా, గిది పెద్దాయన టోపీది గాదే? నేను మనిషిని గుద్దిన్నా?"

"గుద్దావో లేదో తర్వాత. ఆయన తల పగిలి నడుస్తున్నాడు. ముందు వెతుకు" అన్నాను.

ఇద్దరం మంచులోకి పరిగెత్తాం. బాబాయ్ అని అరుస్తుంటే ఆ అరుపు బండలకి తగిలి పక్కనించీ వెనకనించీ వచ్చేది. ఒకటి రెండుసార్లు ఆయనే పలికాడనుకుని తిరిగి చూశాను. మొదటి గేటు దగ్గర వాచ్‌మన్ చలిమంట వేసుకుని కూర్చున్నాడు.

"పెద్దాయనా? ఇప్పుడే మీదికి పాయె" అన్నాడు నవ్వుతూ. "మొకం నిండ రక్తం. ఇయ్యాల మేకప్ మస్తుగ వేసిన్రు గదనే! కూసో, చలి కాగు అన్న. కూసోలే. ప్యాకప్ అయిందా అని నన్నడుగుతడేంది?"

ఇంకాస్త పైన టీ బండి పెట్టుకునే ఆవిడ పొయ్యి వెలిగించింది. ఆవిడా నవ్వుతూనే చెప్పింది. "చాయ్ వోసిచ్చిన. గిలాస పట్టుకొని గట్లనే నిలవడ్డడు. చాయ్ అంత చేతి మీద వోసుకుండు, కాలిందన్న సోయి గూడ లేదు. పరాచకం చేస్తుండని నవ్విన." నా ముఖం చూసి ఆవిడ నవ్వు ఆగింది. "ఏందన్నా, ఏమైంది? గా బండల కాడికి పోయిండు. పొద్దుగాల షూటింగ్ ఉందంట గద."

అప్పుడు అర్థమైంది. బాబాయ్ ఆ రాత్రి షూటింగు నుంచి రావడంలేదు. పొద్దుటి షూటింగుకి బయల్దేరాడు. దారిలో కారు గుద్దింది. లేచాడు. అలవాటు కొద్దీ నీళ్ళ దగ్గరికి వచ్చాడు, తర్వాత పనికి వెళ్ళిపోయాడు. ఎదురైన ప్రతివాడికీ నెత్తురు చూపించాడు, మేమందరం మేకప్ బాగుందన్నాం.

బండల మధ్య తెల్లటి వెలుగు కనిపించింది. దగ్గరికి వెళ్ళేసరికి ఒక అసిస్టెంట్ డైరెక్టరు చేతులు అడ్డం పెట్టాడు. "ఆగండి, ఆగండి. టేకులో ఉన్నాం" అన్నాడు గుసగుసగా.

రెండు బండల మధ్య బాబాయ్ వెల్లకిలా పడి ఉన్నాడు. హీరో ఆయన మీదికి వంగి, చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు. చుట్టూ అంతమంది ఉన్నా కెమెరా చప్పుడు తప్ప ఏమీ వినిపించడంలేదు. మంచు ఆయన పాదాల మీదుగా పాకుతోంది.

"ఎంత బాగా చేస్తున్నాడండీ పెద్దాయన!" అసిస్టెంట్ నా చెవిలో అన్నాడు. "మేకప్‌తో సహా సిద్ధంగా వచ్చేశాడు. వచ్చి తన చోట్లో పడుకున్నాడు. అప్పట్నుంచీ రెప్ప కూడా కదపలేదు."

అప్పుడే వ్యాను పక్కనించి మేకప్ మనిషి టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఆయనా గుసగుసగానే అడిగాడు. "పెద్దాయన ఇంకా రాలేదాండీ? వస్తే పంపండి, తలకి గాయం పెట్టాలి."

"మీరు పెట్టేశారు కదండీ?"

"నేనా? ఇంకా పెట్టె కూడా తెరవలేదు."

అసిస్టెంట్ ముఖంలో రంగు మారడం నేను దగ్గర్నించి చూశాను. కానీ టేకులో గొంతెత్తి అరిచే ధైర్యం అతనికి లేకపోయింది. ఇండస్ట్రీలో కెమెరా ముందు అడ్డంగా నడిస్తే మళ్ళీ ఆ చుట్టుపక్కల ఎవరూ పని ఇవ్వరు. అది నాకూ తెలుసు. చేతిలో తడిగుడ్డతోనే నడిచాను.

"కట్! ఎవడ్రా వాడు?" అని అరుపులు. నేను చెవిన వేసుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆయన నుదుటి మీద బొటనవేలు పెట్టాను. అంటుకోలేదు. ముక్కు దగ్గర ఊపిరి పొగ లేదు. ఐసుముక్క ఉందేమోనని నోట్లో వేలు పెట్టి చూశాను. లేదు. ఒంట్లో చలి నిజంగానే బయటి చలితో సమానమైపోయింది. జేబులోంచి మైనం డబ్బా మూత తీసి, తుడిచి, ముక్కు కింద పెట్టాను. తడి పట్టింది. కానీ ఆ మంచులో ఎక్కడ పెట్టినా తడి పడుతుంది. అది ఊపిరో మంచో తెలియక నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు హీరో మాట్లాడాడు. గ్లిజరిన్ కన్నీళ్ళు బుగ్గల మీద అలాగే ఉన్నాయి. "బతికే ఉన్నాడండీ. ఇందాకట్నుంచీ నా చెయ్యి నొక్కుతున్నాడు" అన్నాడు. "శవం చెయ్యి నొక్కకూడదు కదా అని చెబుదామనుకున్నాను. టేకు పాడవుతుందని ఊరుకున్నాను."

ఆ మాట అన్నాక అందరూ ఒక్కసారి కదిలారు. డ్రైవరు ఎప్పుడు వెనక్కి పరిగెత్తాడో, ఆ అంబాసిడర్ తెచ్చి బండల దగ్గర ఆపాడు. బాబాయ్‌ని వెనక సీట్లో నా ఒళ్ళో పడుకోబెట్టారు. డ్రైవరు స్టీరింగ్ పట్టుకుని ఏడుస్తూనే నడిపాడు. కుడివైపు సగం కడిగిన సినిమా రక్తం, ఎడమవైపు అసలు రక్తం, అలాగే ఊరు మీద పడ్డాం. దారిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ మమ్మల్ని చూసి నవ్వాడు. "ఏం పిక్చర్ భాయ్?" అని దారిచ్చాడు. నవ్వినా దారిచ్చాడు, అదే చాలు.

ఆసుపత్రి గేటు దగ్గర ఒకాయన అడ్డం నిలబడ్డాడు. "షూటింగ్‌కు పర్మిషన్ ఉందా? లోపల్కి రానియ్యం" అన్నాడు. ఎంత చెప్పినా నమ్మడే! మమ్మల్నీ కారునీ చూస్తే నేనైనా నమ్మేవాణ్ణి కాదేమో. చివరికి కిటికీలోంచి ఆయన చెయ్యి పట్టుకుని లాగి బాబాయ్ తల మీద పెట్టాను. ఆయన వేళ్ళు ఒక్క క్షణం అక్కడ ఆగాయి. తర్వాత మారుమాట లేకుండా స్ట్రెచర్ కోసం పరిగెత్తాడు.

బాబాయ్ బతికాడు. ఇంకాస్త సేపు ఆ చలిలో పడి ఉంటే ఒళ్ళు చల్లబడి పోయేవాడని డాక్టరు చెప్పాడు. డ్రైవరు తనంతట తనే పోలీస్ స్టేషనుకి వెళ్ళి జరిగింది చెప్పాడు. బాబాయ్ తెలివొచ్చాక "నా మీద కారు ఎక్కినట్టు నాకు గుర్తే లేదు, నేనెవరి మీదా కేసు పెట్టను" అన్నాడు. బాబాయ్ ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఆ డ్రైవరు ఆయన మంచం దగ్గరే ఉండి, సొంత కొడుకులా చూసుకున్నాడు. పెళ్ళి సీనుకి కారు అందక ఓనరు మా ఇద్దరి మీదా చిందులు తొక్కాడు. చిందులు తొక్కనివ్వండి అనుకున్నాం. ఆ మధ్యాహ్నం నేను మిగిలిన సగం కడగడానికి వెళ్తే, కారు ఎండలో ఉంది. కుడివైపు చీమలు బారు కట్టాయి. ఎడమవైపు ఒక్క చీమ కూడా లేదు.

గుర్తులేదని బాబాయ్ చెప్పింది అబద్ధం కాదు. గదికి తాళం వేసి టోపీ పెట్టుకోవడం ఆయనకి గుర్తుంది. తర్వాత ఆసుపత్రి సీలింగ్ ఫ్యాను గుర్తుంది. మధ్యలో నా దగ్గరికి రావడం, వాచ్‌మన్‌తో మాట్లాడటం, చేతిమీద టీ పోసుకోవడం, బండలెక్కి తన చోటు వెతుక్కుని పడుకోవడం, ఏదీ లేదు. అదంతా నేను చెబుతుంటే ఇంకెవరి కథో విన్నట్టు వినేవాడు.

సినిమా విడుదలయ్యాక ఇద్దరం మ్యాట్నీకి వెళ్ళాం. ఆ షాట్ తీసెయ్యలేదు. నేను కెమెరాకి అడ్డం రాకముందు తీసిందంతా ఉంచారు. మంచు పాకుతోంది, హీరో ఏడుస్తున్నాడు, బాబాయ్ పడి ఉన్నాడు. హాల్లో ఆడవాళ్ళు ముక్కులు చీదారు. జాగ్రత్తగా చూస్తే హీరో చేతిలో ఆయన వేళ్ళు ఒకసారి బిగుసుకోవడం కనిపిస్తుంది. పక్కకి చూశాను. బాబాయ్ కన్నార్పకుండా తెర వంకే చూస్తున్నాడు.

బయటికి వచ్చి నడుస్తూ అన్నాడు. "ఇన్ని శవాలు వేశానబ్బాయ్. ప్రతిదాన్లో లోపల నేనున్నాను. దోమ కుట్టినా తెలిసేది, ఆకలేసినా తెలిసేది. అందులో మాత్రం నేను లేను."

"మరి చెయ్యి నొక్కిందెవరు బాబాయ్?"

"అదే నేనూ అనుకుంటున్నా" అన్నాడు.

బతకాలి కాబట్టి మళ్ళీ వేషాలకి వెళ్ళాడు. మళ్ళీ మంచులోంచి దిగొచ్చి, మొహం నిండా ఎర్రరంగుతో నా వెనక నిలబడి "ఒక మగ్గు నీళ్ళబ్బాయ్" అనేవాడు. నేను చేస్తున్న పని ఆపి లేచేవాణ్ణి. ఆయన గడ్డం పట్టుకుని ముఖం షెడ్డు దీపం వైపు తిప్పి, నుదుటి మీద బొటనవేలు పెట్టి నొక్కేవాణ్ణి. ఆయనా పసిపిల్లాడిలా కళ్ళు మూసుకుని నిలబడేవాడు. నా వేలు అంటుకునేదాకా మగ్గు ఇచ్చేవాణ్ణి కాదు.